నేలలో నిలిచిన క్రీడాప్రాంగణం – ఫీల్డింగ్ యోస్ట్ జీవితం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరకే అనలేదు. ఒక కుటుంబం తన కోసం కట్టుకునే ఇంటికే అంత ప్రయాస ఉంటే, వేలాది విద్యార్థుల కోసం, ఇంకా పుట్టని తరాల కోసం ఒక విద్యాసంస్థ తలపెట్టే కట్టడానికి ఎంత ప్రయాస ఉండాలి! డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఎంత కట్టాలి? ఎలా కట్టాలి? కట్టినది ఎవరెవరికి ఉపయోగపడాలి? ఈ నాలుగు ప్రశ్నలు ప్రతి విద్యాసంస్థకూ ఏదో ఒకనాడు ఎదురవుతాయి. అమెరికా దేశంలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1920వ దశకంలో ఈ ప్రశ్నలను ఎదుర్కొన్నవారిలో అగ్రగణ్యుడు ఫీల్డింగ్ హారిస్ యోస్ట్. ఆయన కట్టించిన ఫుట్‌బాల్ స్టేడియం దాదాపు శతాబ్దం గడిచినా చెక్కుచెదరక నిలిచి ఉంది. ఆయన జీవితాన్ని పరిశీలిస్తే మొదటి మూడు ప్రశ్నలకు చక్కని సమాధానం దొరుకుతుంది. నాలుగవ ప్రశ్న దగ్గర మాత్రం ఆయన గొప్పతనమూ, లోపమూ రెండూ కనిపిస్తాయి.

ఇక్కడ ఒక వివరణ అవసరం. అమెరికా వారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మన పిల్లలు కాలితో తన్ని ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారాన్ని తలపించే బంతిని చేతబట్టుకొని, ప్రత్యర్థులను తోసుకుంటూ, గజం గజం ముందుకు సాగే మోటు ఆట అది. అక్కడి కళాశాలల్లో ఈ ఆటకున్న ఆదరణ అపారం. శరత్కాలంలో శనివారం వచ్చిందంటే ఊరికి ఊరే మైదానానికి తరలివెళుతుంది. ఆ జనసందోహాన్ని కూర్చోబెట్టే చోటు కోసం సాగిన ప్రయత్నమే ఈ కథకు కేంద్రం.

బాల్యము – విద్య

యోస్ట్ 1871 ఏప్రిల్ 30న పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలోని ఫెయిర్‌వ్యూ అనే చిన్న ఊరిలో జన్మించారు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి అప్పటికి ఆరేళ్లే అయింది. ఆ యుద్ధంలో ఆయన తండ్రి దక్షిణాది రాష్ట్రాల పక్షాన పోరాడినవాడు. ఈ సంగతి తరువాతి కథకు సంబంధించినదే కాబట్టి పాఠకులు గుర్తుంచుకోవాలి.

యౌవనారంభంలో యోస్ట్ కొంతకాలం బడిపంతులుగా పనిచేశారు. ఉపాధ్యాయులను తయారుచేసే సంస్థగా మొదలైన ఒహాయో నార్మల్ విశ్వవిద్యాలయంలో చదివారు. ఆపైన పశ్చిమ వర్జీనియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించి 1897లో పట్టభద్రులయ్యారు. చదువుకునే రోజుల్లోనే ఆయనకు ఫుట్‌బాల్ పరిచయమైంది. పొడవైన, దృఢమైన శరీరం ఆ ఆటకు బాగా సరిపోయింది. చేతికి న్యాయశాస్త్ర పట్టా వచ్చినా మనసు మాత్రం మైదానం మీదనే నిలిచింది.

1897లో ఒహాయో వెస్లియన్ కళాశాల జట్టుకు ఆయన శిక్షకులయ్యారు. ఆ ఏడాది ఆ చిన్న కళాశాల జట్టు మిషిగన్ విశ్వవిద్యాలయపు పెద్ద జట్టును ఒక్క పాయింటు కూడా చేయనివ్వక, తానూ చేయక, ఆటను సమంగా ముగించింది. తరువాత వరుసగా ఏడాదికొక చోట, 1898లో నెబ్రాస్కా, 1899లో కాన్సాస్, 1900లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలలో, ఆయన జట్లను తీర్చిదిద్దారు. స్టాన్‌ఫర్డ్ వారు తమ పూర్వ విద్యార్థులే శిక్షకులుగా ఉండాలని నియమం పెట్టుకోవడంతో ఆయన ఉద్యోగం పోయింది. ఒక తలుపు మూసుకున్నప్పుడే మరొకటి తెరుచుకుంది. మిషిగన్ విశ్వవిద్యాలయపు క్రీడా వ్యవహారాలు చూసే చార్లెస్ బెయిర్డ్ ఆయనను ఆహ్వానించారు. 1901లో ముప్ఫై ఏళ్ల వయసులో ఆన్ ఆర్బర్ పట్టణం చేరిన యోస్ట్ మరణించే వరకు ఆ ఊరితో బంధం తెంచుకోలేదు.

త్వరపెట్టే గురువు

సాధన సమయంలో ఒక్క క్షణం కూడా వృథా కానిచ్చేవారు కారు యోస్ట్. ఆటగాళ్లను ఎప్పుడూ త్వరపెడుతూ ఉండేవారు. అందువల్ల త్వరపెట్టే యోస్ట్ అన్న అర్థమిచ్చే పేరు ఆయనకు స్థిరపడింది. ఫలితాలు కూడా అంత త్వరగానే వచ్చాయి. 1901 నుంచి 1905 వరకు అయిదు సంవత్సరాలలో ఆయన జట్టు 57 ఆటలు ఆడి 55 గెలిచింది, ఒకటి సమంగా ముగించింది, ఒక్కటే ఓడింది. ఆ ఆటలన్నిటిలో మిషిగన్ చేసిన పాయింట్లు 2,821. ప్రత్యర్థులందరూ కలిసి చేసినవి 42. నిమిషానికొక పాయింటు చేసే జట్టు అని జనం చెప్పుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో, తరువాతి కాలంలో రోజ్ బౌల్ పేరిట ప్రసిద్ధమైన పోటీలలో మొట్టమొదటిది జరిగింది. ఎదుటి పక్షం యోస్ట్‌ను వదులుకున్న స్టాన్‌ఫర్డ్. మిషిగన్ 49 పాయింట్లు చేయగా స్టాన్‌ఫర్డ్ ఒక్కటీ చేయలేక, ఇంకా ఎనిమిది నిమిషాల ఆట మిగిలి ఉండగానే చాలునని ఒప్పుకుంది. ఆటలో ఏకపక్షత ఎంతగా కొట్టవచ్చినట్లు కనిపించిందంటే, 1916 వరకు ఆ ఉత్సవంలో మళ్లీ ఫుట్‌బాల్ పెట్టలేదు.

కానీ విజయాల వెనుక ఒక నీడ కూడా పెరిగింది. 1905 నాటికి అమెరికాలో ఈ ఆట మోటుతనం వల్ల ప్రాణాలు పోతున్నాయని గగ్గోలు పుట్టింది. ఆట చదువును మింగివేస్తున్నదన్న ఆందోళన ఆచార్యులలో ప్రబలింది. మిషిగన్ విశ్వవిద్యాలయ అధ్యక్షులు జేమ్స్ ఏంజెల్ స్వయంగా చొరవ తీసుకొని 1906లో ఇతర విశ్వవిద్యాలయాల ప్రతినిధులతో సంస్కరణ సమావేశం జరిపించారు. కొత్త నిబంధనలు నచ్చక మిషిగన్ 1907లో తన ప్రాంతీయ కళాశాలల కూటమిని విడిచి, పదేళ్ల తరువాత 1917లో తిరిగి చేరింది. ఆచార్యులకూ, ఆట నిర్వాహకులకూ మధ్య నడిచిన ఈ లాగులాటే తరువాత స్టేడియం విషయంలోనూ తలెత్తింది.

ఇరుకైన మైదానం

1921లో యోస్ట్ విశ్వవిద్యాలయ క్రీడాశాఖకు సంచాలకులయ్యారు. అప్పటినుంచి ఆయన చూపు జట్టు మీదనే కాక, నేల మీద, ఇటుక మీద, లెక్కల పుస్తకం మీద కూడా పడింది. 1923లో వానకూ మంచుకూ ఆగకుండా సాధన చేసుకొనేందుకు పైకప్పు గల విశాలమైన క్రీడాభవనం పూర్తయింది. దానికి యోస్ట్ పేరే పెట్టారు.

అసలు చిక్కు ఫుట్‌బాల్ మైదానంతో వచ్చింది. డెట్రాయిట్ విత్తన వర్తకుడు డెక్స్‌టర్ ఫెర్రీ ఇచ్చిన నేలలో వెలసిన ఫెర్రీ ఫీల్డ్‌లో 1906 నుంచి ఆటలు జరిగేవి. ఎన్నిసార్లు పెంచినా అందులో సుమారు 46 వేలమందికి మించి చోటు లేదు. పెద్ద ఆటలకు టిక్కెట్లు దొరకక తిరిగి వెళ్లేవారు వేలల్లో ఉండేవారు. అలా వెళ్లేవారిలో పూర్వ విద్యార్థులూ, రాష్ట్ర పౌరులూ కూడా ఉండడం విశ్వవిద్యాలయానికి తలవంపుగా తోచింది.

ఇరుగుపొరుగువారు అప్పటికే ముందుకు సాగారు. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం 1922లో 66 వేల ఆసనాల స్టేడియం తెరిచింది. దాని ప్రతిష్ఠాపన దినాన ఆడడానికి వెళ్లిన మిషిగన్ జట్టు 19 పాయింట్లు చేసి, ఆతిథ్యమిచ్చినవారిని ఒక్క పాయింటు కూడా చేయనివ్వలేదు. అయినా తిరిగి వచ్చిన యోస్ట్ మనసులో గెలుపు కన్నా ఆ గ్యాలరీలే ఎక్కువ నిలిచాయనుకోవచ్చు. 1924లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు కొత్త స్టేడియం ప్రతిష్ఠాపనకూ మిషిగన్ జట్టే అతిథి. ఈసారి రెడ్ గ్రేంజ్ అనే ఆటగాడు మొదటి పన్నెండు నిమిషాలలోనే నాలుగుసార్లు బంతిని గీత దాటించి మిషిగన్‌ను చిత్తుచేశాడు. ఇతరుల గృహప్రవేశాలకు అతిథిగా వెళ్లి వస్తున్న మిషిగన్‌కు తన ఇల్లు ఇరుకన్న సంగతి మరింత బాధించింది.

ఆచార్యుల పరీక్ష

పెద్ద స్టేడియం కావాలని యోస్ట్ పట్టుబట్టినప్పుడు విశ్వవిద్యాలయంలో అందరూ చప్పట్లు కొట్టలేదు. విద్యాపీఠానికి ఇంత పెద్ద తమాషా ఎందుకని ప్రశ్నించినవారున్నారు. జనం ఎగబడే ఆట మీద కోట్ల విలువైన కట్టడం కడితే, రేపు ఆ కట్టడాన్ని నింపడం కోసమే విశ్వవిద్యాలయం నడవవలసి వస్తుందని వారి భయం. ఆ భయం అర్థరహితం కాదు. ఈనాటి అమెరికా కళాశాల క్రీడలలో ప్రవహించే ధనాన్ని చూస్తే వారి ముందుచూపును మెచ్చుకోవలసిందే.

విషయాన్ని పరిశీలించడానికి వాణిజ్య పరిపాలన విభాగపు డీన్ ఎడ్మండ్ డే నాయకత్వంలో ఒక సంఘం ఏర్పడింది. 1926 జనవరిలో వచ్చిన ఆ సంఘపు నివేదిక చదువుకున్నవారి పరిశీలన ఎలా ఉండాలో చెప్పడానికి చక్కని ఉదాహరణ. అది యోస్ట్ కోరికను తోసిపుచ్చలేదు, గుడ్డిగా ఆమోదించనూ లేదు. కనీసం 60 వేలమంది పట్టే స్టేడియం అవసరమేనని అంగీకరించింది. అయితే అది అత్యంత నిరాడంబరంగా ఉండాలనీ, స్మారక మందిరంలాగా అలంకరించరాదనీ షరతు పెట్టింది. ఆటల నిర్వహణలో ఆచార్యుల అధికారం బలపడాలనీ, జట్టుకు ఎంపిక కాని సామాన్య విద్యార్థులందరికీ కూడా ఆటల వసతులు కలగాలనీ సూచించింది.

ఆ రోజుల్లో అనేక విశ్వవిద్యాలయాలు మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించినవారి స్మృతి పేరిట స్టేడియాలు కట్టించాయి. స్తంభాలు, తోరణాలు, గోపురాలు వాటికి అలంకారాలయ్యాయి. మిషిగన్ ఆ దారి తొక్కలేదు. 1926 ఏప్రిల్‌లో రీజెంట్లు అనే పాలకమండలి నిర్మాణానికి అనుమతి ఇచ్చింది. ఆచార్యుల విమర్శ యోస్ట్ పథకానికి అడ్డుగోడ కాలేదు సరికదా, దానికి హద్దులూ, బాధ్యతలూ నేర్పింది.

విరాళమా, ఋణమా?

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వాన్ని అడిగి పన్నుల సొమ్ముతో కట్టడం ఒక మార్గం. అలా కడితే పాఠశాలలకూ ప్రయోగశాలలకూ చేరవలసిన ధనం ఆటకు పోయిందన్న నింద తప్పదు. చందాలు వసూలు చేయడం రెండవ మార్గం. ఒహాయో, ఇల్లినాయ్ వారు ఆ మార్గమే పట్టారు. చందాలలో ఒక తంటా ఉంది. సభలో ఉత్సాహంగా చేయి ఎత్తి పెద్ద అంకె చెప్పినవారందరూ తరువాత ఆ మొత్తం చెల్లించరు. కమిటీలలో పనిచేసి, రసీదు పుస్తకం పట్టుకొని ఇంటింటికీ తిరిగినవారికి ఈ అనుభవం కొత్త కాదు.

మిషిగన్ వారు మూడవ మార్గం ఎంచుకున్నారు. ఋణపత్రాలు, అంటే బాండ్లు, అమ్మారు. ఒక్కొక్కటి 500 డాలర్ల విలువగల 3,000 బాండ్లు. మొత్తం 15 లక్షల డాలర్లు. వడ్డీ సంవత్సరానికి నూటికి 3 డాలర్లు మాత్రమే. అంటే బాండు కొన్నవానికి ఏడాదికి ముట్టేది 15 డాలర్లు. అంత తక్కువ వడ్డీకి అప్పు ఎవరిస్తారు? ఇక్కడే పథకపు మెలకువ ఉంది. ప్రతి బాండుతోనూ, మైదానం మధ్యభాగానికి ఎదురుగా, ఆట బాగా కనిపించే చోట రెండేసి టిక్కెట్లు కొనే హక్కు పదేళ్లపాటు లభిస్తుంది. టిక్కెట్ కోసం వేలమంది పడిగాపులు పడే కాలంలో ఆ హక్కు విలువ వడ్డీ కన్నా ఎక్కువ.

ఈ ఏర్పాటులో మరొక మేలు ఉంది. దానం ఇచ్చినవాడు ఇచ్చి మరిచిపోవచ్చు. అప్పిచ్చినవాడు మరువడు, అతనికి లెక్క చెప్పి తీరాలి. అందుచేత నిర్వాహకులు ప్రతి డాలరునూ జాగ్రత్తగా ఖర్చుచేయవలసి వచ్చింది. అప్పు తీరేది కూడా ప్రజల పన్నులతో కాక, ఆట చూడవచ్చినవారి టిక్కెట్ డబ్బుతోనే. ఎవరు అనుభవిస్తారో వారే ఖర్చు భరించాలన్న న్యాయం ఇందులో ఉంది. దానితోపాటు అపాయమూ ఉంది. ఆట చూడడానికి జనం రాకపోతే అప్పు తీరదు. 1930వ దశకపు మహా ఆర్థిక మాంద్యంలో ప్రేక్షకులు పలచబడినప్పుడు ఆ అపాయం ఎంతటిదో క్రీడాశాఖకు తెలిసివచ్చింది. అప్పు చేసి కట్టేవారు మంచి రోజులను మాత్రమే లెక్కలోకి తీసుకోరాదన్న పాఠం అందులో ఉంది.

నేల, నీరు, కాంక్రీటు

స్టేడియం రూపకల్పనకు క్లీవ్‌లాండ్ నగరానికి చెందిన ఆస్బర్న్ ఇంజనీరింగ్ కంపెనీని నియమించారు. న్యూయార్క్‌లో 1923లో తెరిచిన ప్రఖ్యాత యాంకీ స్టేడియం రూపకర్తలు వారే. యోస్ట్ మనసులో ఉన్న నమూనా మాత్రం యేల్ విశ్వవిద్యాలయం 1914లో కట్టిన గిన్నె ఆకారపు స్టేడియం. అక్కడ మధ్యన నేలను తవ్వి, ఆ మట్టినే చుట్టూ గట్టుగా పోసి, గట్టు మీద ఆసనాలు అమర్చారు. ఊరి చెరువును తలుచుకుంటే ఈ పద్ధతి సులభంగా అర్థమవుతుంది. గట్టు లోపలి వాలు మీద మెట్లు కట్టి, నీటికి బదులు పచ్చిక పరిచినట్లు ఊహించుకోవాలి.

ఆన్ ఆర్బర్‌లో ఎంచుకున్న చోటు సహజంగా పల్లపు నేల. లోయవంటి ఆ పల్లంలో తవ్వకం మొదలుపెడితే స్టేడియంలో దాదాపు నాలుగింట మూడు వంతులు భూమట్టానికి దిగువనే ఇమిడిపోయే వీలు కలిగింది. దానివల్ల లాభాలు అనేకం. నేలే గోడలకు ఊతమైంది. ఎత్తైన స్తంభాలు, కమానులు, బయటి గోడల అలంకరణలు అక్కరలేకపోయాయి. ప్రేక్షకుడు వీధి మట్టంలో లోపలికి ప్రవేశించి మెట్లు దిగి తన చోటికి చేరుకుంటాడు. బయటి నుంచి చూసేవానికి అక్కడ అంత పెద్ద కట్టడమున్నదన్న సంగతే తట్టదు. లోపల అడుగుపెట్టగానే ఒక్కసారిగా మహాగర్తం కళ్ల ముందు తెరుచుకుంటుంది. నివేదిక కోరిన నిరాడంబరత్వం ఈ విధంగా రూపంలోనే కుదిరిపోయింది.

ఐతే పల్లపు నేలకు నీటి బాధ తప్పదు. తవ్వేకొద్దీ ఊటలు పుట్టుకొచ్చాయి. నేల కొన్నిచోట్ల ఊబిలాగా మారి పనివారిని ముప్పుతిప్పలు పెట్టింది. తవ్వకపు యంత్రమొకటి ఆ ఊబిలో కూరుకుపోయి ఇప్పటికీ అక్కడే ఉందని ఊరివారు కథగా చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, నీటిని మళ్లించి నేలను గట్టిపరచనిదే పని సాగలేదు. పైకి కనిపించే మెట్ల కన్నా పైకి కనిపించని కాలువలకే ఎక్కువ తెలివి అవసరమైంది.

440 టన్నుల ఉక్కు, 31,000 చదరపు అడుగుల తీగవల కాంక్రీటులో చేరాయి. 44 విభాగాలు, 72 వరుసలు, 72 వేల ఆసనాలు సిద్ధమయ్యాయి. నిర్మాణానికి అయిన ఖర్చు సుమారు 9 లక్షల 50 వేల డాలర్లు. ఆ కాలంలో ఏ కళాశాలా కట్టనంత పెద్ద స్టేడియాలలో ఒకటి, గోపురం లేకుండా, తోరణం లేకుండా, దాదాపు ఏడాది కాలంలో పూర్తయింది.

యోస్ట్‌కు 72 వేలతో తృప్తి కలగలేదు. ఏనాటికైనా లక్షమందికి పైగా వస్తారని ఆయన నమ్మకం. విన్నవారికి అది అతిశయోక్తిగా తోచింది. ఆన్ ఆర్బర్ అప్పటికి చిన్న పట్టణమే. అంత పెద్ద కట్టడానికి అనుమతీ లేదు, డబ్బూ లేదు. అందుకు యోస్ట్ అనుసరించిన మార్గమే ఆయన జీవితంలోని ముఖ్య పాఠం. నేటి శక్తికి తగినన్ని మెట్లు మాత్రమే కట్టించి, రేపటి బరువును మోయగల పునాదులు వేయించారు. మీద కట్టడాన్ని ఎప్పుడైనా పెంచుకోవచ్చు. పునాదిని పెంచడం సాధ్యం కాదు. ఈ చిన్న సత్యాన్ని గుర్తించినవారు ఏ రంగంలోనైనా అరుదు.

ప్రతిష్ఠాపన

1927 అక్టోబర్ 1న కొత్త స్టేడియంలో మొదటి ఆట జరిగింది. ఎదుటి జట్టు ఒహాయో వెస్లియన్. ముప్ఫై ఏళ్ల క్రితం యోస్ట్ శిక్షకుడిగా తొలి అడుగు వేసిన కళాశాలే అది. ఈసారి మిషిగన్ 33 పాయింట్లతో గెలిచింది; అతిథి జట్టు ఖాతా తెరవలేదు. అదే నెల 22న ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంతో ఆట జరిపి ప్రతిష్ఠాపన చేశారు. అయిదేళ్ల క్రితం తమ గృహప్రవేశానికి మిషిగన్‌ను పిలిచినవారిని ఈసారి మిషిగన్ పిలిచింది. యోస్ట్ పట్టుబట్టి పైవరుసల వెనుక పదివేల ఆసనాల కొయ్య గ్యాలరీలు తాత్కాలికంగా వేయించి ఉండగా, వచ్చినవారు 84,401 మంది. మిషిగన్ 21 పాయింట్లు చేసి, ఎదుటివారిని ఒక్కటీ చేయనివ్వలేదు. బెన్నీ ఊస్టర్‌బాన్ విసిరిన బంతులను అందుకొని లూయిస్ గిల్బర్ట్ మూడుసార్లూ గీత దాటాడు. తాత్కాలికమైన కొయ్య గ్యాలరీలు కూడా నిండిపోవడం చూసినవారికి యోస్ట్ అంచనా అతిశయోక్తి కాదని అర్థమై ఉంటుంది.

ఆడనివారికీ ఆటలు

స్టేడియం వల్ల వచ్చిన ఆదాయం జట్టు కోసమే ఖర్చయి ఉంటే యోస్ట్ కథ ఇక్కడితో ముగిసేది. ఆచార్యుల సంఘం కోరినట్లు ఆ ధనం సామాన్య విద్యార్థులకూ చేరింది. 1928లో అంతరంగిక క్రీడలకు, అంటే విశ్వవిద్యాలయ జట్టులో లేని విద్యార్థులు తమలో తాము ఆడుకునే ఆటలకు, ప్రత్యేక భవనం కట్టారు. అలాంటి భవనం అమెరికా విశ్వవిద్యాలయాలలో మొదటిదిగా పేరుపొందింది. విద్యార్థినుల కోసం కూడా వ్యాయామ భవనం, మైదానం ఏర్పడ్డాయి. ప్రఖ్యాత రూపకర్త ఆలిస్టర్ మెకంజీ తీర్చిదిద్దిన గోల్ఫ్ మైదానం 1931లో తెరిచారు. పదకొండుమంది ఆడితే ఎనభైవేలమంది చూడడం వ్యాయామ విద్య కాదు. చూడవచ్చినవారి డబ్బుతో మిగిలిన వేలమంది విద్యార్థులు తామూ ఆడగలగడమే వ్యాయామ విద్య. ఈ మార్పిడి సాధించినందుకు యోస్ట్‌నూ, ఆయనను ఆ దారిన నడిపిన ఆచార్యులనూ కూడా స్మరించాలి.

కడిగినా పోని మచ్చ

మహనీయుల చరిత్రలు రాసేటప్పుడు దోషాలను దాచడం అలవాటు. ఆ అలవాటు పిల్లలకు మేలు చేయదు. యోస్ట్ శిక్షకుడిగా ఉన్న సంవత్సరాలన్నిటిలోనూ మిషిగన్ ఫుట్‌బాల్ జట్టులో ఒక్క నల్లజాతి విద్యార్థికీ చోటు దక్కలేదు. 1890వ దశకంలో జార్జ్ జ్యూవెట్ అనే నల్లజాతి యువకుడు ఆ జట్టులో మెరిశాడు. ఆ తరువాత మరొకడు ఆడడానికి 1932 వరకు నిరీక్షించవలసి వచ్చింది. ఆ రెండవవాడు విల్లిస్ వార్డ్. పరుగుపందాలలోనూ ఫుట్‌బాల్‌లోనూ దిట్ట.

1934 అక్టోబర్ 20న దక్షిణాదికి చెందిన జార్జియా టెక్ జట్టు మిషిగన్ స్టేడియంలో ఆడడానికి వచ్చింది. నల్లజాతివాడు మైదానంలో దిగితే తాము ఆడబోమని వారి షరతు. విద్యార్థులు, ఆచార్యులు కొందరు నిరసన తెలిపారు. అయినా యోస్ట్ సంచాలకత్వంలోని క్రీడాశాఖ ఆ షరతుకు తలవంచింది. వార్డ్‌ను ఆడనివ్వలేదు. అతని సహచరుడు, తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్ ఈ అన్యాయానికి ఎంతో కలత చెందాడు. ఆ రోజు మిషిగన్ గెలిచింది. ఆ సంవత్సరమంతటిలో ఆ జట్టుకు దక్కిన గెలుపు అదొక్కటే. అది తలెత్తుకొని చెప్పుకునే గెలుపు కాలేకపోయింది. వార్డ్ ఆ తరువాత న్యాయవాది అయి, న్యాయమూర్తి పదవిని అలంకరించాడు.

ఎనభైవేల ఆసనాలు కట్టించిన మనిషి, మైదానంలో ఒక్క విద్యార్థికి దక్కవలసిన చోటును కాపాడలేదు. పెరిగిన ఇల్లు, నాటి సమాజం ఆయనపై చూపిన ప్రభావం కారణం కావచ్చు. కారణం ఉన్నంతమాత్రాన తప్పు ఒప్పు కాదు. నాటి నిరసనకారులకు కూడా అదే సమాజం, అదే కాలం. 2021లో మిషిగన్ విశ్వవిద్యాలయం నియమించిన చరిత్ర పరిశీలన సంఘం ఈ విషయాలన్నీ తర్కించి, క్రీడాభవనానికి ఉన్న యోస్ట్ పేరును తొలగించాలని సిఫారసు చేసింది. ఒక సంస్థ తన నిర్మాతల చరిత్రను తానే తిరిగి పరీక్షించుకోవడం కృతఘ్నత కాదు. కట్టడానికి అప్పుడప్పుడు పగుళ్లు చూసి మరమ్మతు చేసినట్లే, పేరుకు కూడా పరిశీలన అవసరం.

చివరి సంవత్సరాలు

యోస్ట్ 1926 తరువాత శిక్షకుడిగా విరమించుకున్నారు. మిషిగన్ శిక్షకుడిగా ఆయన జట్టు 165 ఆటలు గెలిచి, 29 మాత్రమే ఓడి, 10 సమంగా ముగించింది. క్రీడాశాఖ సంచాలకత్వం 1941 వరకు నిర్వహించి ఫ్రిట్జ్ క్రైస్లర్‌కు అప్పగించారు. 1946 ఆగస్టు 20న, 75వ ఏట, ఆన్ ఆర్బర్‌లోనే కన్నుమూశారు. 1951లో కళాశాల ఫుట్‌బాల్ ప్రముఖుల మొదటి జాబితాలో ఆయన పేరు చేరింది.

ఆయన వేయించిన పునాదుల విలువ ఆయన మరణానంతరం పూర్తిగా వెల్లడైంది. 1949లో కొయ్య గ్యాలరీల స్థానంలో ఉక్కు గ్యాలరీలు వచ్చి, ఆసనాలు 97 వేలు దాటాయి. 1956లో ఆ సంఖ్య 1,01,001కి చేరింది. లక్షమంది వస్తారన్న మాట ఆయన పోయిన పదేళ్లకు నిజమైంది. 1975 నవంబర్ 8 నుంచి అక్కడ ప్రేక్షకుల ముందు జరిగిన మిషిగన్ ఫుట్‌బాల్ ఆటలన్నిటికీ లక్షమందికి పైగా హాజరవుతూ వచ్చారు. అంటువ్యాధి కారణంగా 2020లో మాత్రం గ్యాలరీలు ఖాళీగా ఉన్నాయి. 2010లో విస్తరణ ముగిసినప్పుడు ఆసనాల సంఖ్య 1,09,901. ఇన్నిసార్లు పైకి పెరిగినా, 1927లో పరిచిన కాంక్రీటు మెట్ల గిన్నెను కూల్చి కొత్తగా కట్టవలసిన అవసరం రాలేదు.

విద్యాసంస్థలు ఏళ్ల పండుగలు జరుపుకునేటప్పుడు మొదటగా తలచుకునేది పునాదులు వేసినవారినే. వారు ఎంత పెద్దది కట్టారన్నది ఒక కొలత. ఎంత నిజాయితీగా ధనం సమకూర్చారు, ఎవరి విమర్శను చెవిన పెట్టారు, రాబోయేవారి బరువును ఎంత ముందుగా ఊహించారన్నవి అంతకన్నా పెద్ద కొలతలు. ఈ కొలతలలో ఫీల్డింగ్ యోస్ట్ ఉత్తీర్ణులయ్యారు. కట్టినచోట ప్రతి బిడ్డకూ సమానమైన చోటు దక్కిందా అన్న చివరి కొలతలో ఆయన నిలవలేకపోయారు. ఆయన మిగిల్చిపోయిన ఆ పని, ఏ దేశంలోనైనా, ఏ భాషలోనైనా, విద్యాసంస్థలను నడిపే ప్రతి తరానికీ అప్పుగా సంక్రమించింది. ఆ ఋణం తీర్చడానికి కావలసినది ధనం కన్నా ధైర్యం.